గరిటె దెబ్బకు చచ్చిన సైనికుడు

ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళిపోతూ ఒకాయన నాకు వదిలేసిన కంప్యూటర్‌ని ఇవాళ టీవీకి తగిలించాను. అందులో ఒక యుద్ధం ఆట ఉంది. సైనికుల్ని ఎక్కడ నిలబెట్టాలో, ఎవరి మీదికి పంపాలో మనమే ఆలోచించాలి. ఎవడైనా చస్తే వాడి ఇంటికి వెళ్ళే టెలిగ్రాం తెర మీద కనిపిస్తుంది, ఫ్రెంచిలో. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాం వాణ్ణయినా నాకు ఆ భాష రాదు. వాళ్ళే ఏలిన ఈ మురుంగపాక్కంలో నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరు రాజమ్మవ్వకు వచ్చు. పిలిచాను.

ఆమె చదివి చెప్పింది. "మీవోడు శత్రువుల వంటింట్లో దూరి పులుసు రుచి చూస్తా ఉంటే, వంటోడు గరిటెతో కొట్టినాడంట. ఉప్పు చాలలేదని చెప్పి చచ్చినాడంట."

పడీ పడీ నవ్వాను. అవ్వ నవ్వలేదు. ఆమె భర్త ఫ్రెంచి సైన్యంలో చేరి ఇండోచైనాలో పోయాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆట ఆపబోయాను.

"ఆపొద్దు నైనా. నాకొచ్చిన తంతిలో పోయినాడని మాత్రమే ఉండె. ఎట్ట పోయినాడో రాయలే. ఇంకోడ్ని పంపు, వాడెట్ట పోతాడో చదువుతా."

సాయంత్రం దాకా ఓడిపోతూనే ఉన్నాను. ఈ ఆట గెలవడం ఎలాగో తెలిసినవాళ్ళు దయచేసి నాకు చెప్పకండి.