ట్రాక్టరుకి బిగించిన ఉయ్యాల స్ప్రింగు

నా కొడుకు పుట్టాక ఆర్నెల్లు నాకు సరైన నిద్ర లేదు. వెధవ, గుడ్డ ఉయ్యాల పైనున్న స్ప్రింగు పైకీ కిందికీ ఊగితేనే కన్ను మూసేవాడు. ఆపితే గొంతు చించుకునేవాడు. మా ఆయన పొద్దున్నే డ్యూటీకి పోతే ఇంట్లో నేనూ, వాడూ, మా మామగారూ.

మామగారికి అందరికన్నా ముందు ఆ పాత ట్రాక్టరు. వయసులో మా ఆయనకన్నా పెద్దది. తొలకరి ముందు దాని యాక్సిలరేటర్ స్ప్రింగు తెగింది. తొక్కిన పెడల్ వెనక్కి రాదు. స్టార్ట్ చేస్తే చాలు, ఇంజను పూనకం వచ్చినట్టు ఊగిపోయేది. నరసరావుపేట షాపులో మోడల్ పేరు చెబితే నవ్వారట. క్రోసూరు మెకానిక్ పెళ్లికి వెళ్లాడట. సైకిలు ట్యూబు ముక్క కట్టారు, తెగింది. నా జడ రబ్బరు బ్యాండు కట్టారు, అదీ తెగింది. పైన చూస్తే మబ్బు. మాది నల్లరేగడి, వాన పడితే చేలో కాలు పెట్టలేం. రెండెకరాలూ ఆ రోజే దున్నాలి.

నేను దొడ్లో గుడ్డలుతుక్కుని వచ్చేసరికి పిల్లాడు చాప మీద కేకలు. ఉయ్యాల పక్కన కుప్పగా పడుంది. స్ప్రింగు లేదు, మామగారూ లేరు. ఒళ్లు మండిపోయింది. వాణ్ని చంకనేసుకుని, ఉయ్యాల గుడ్డ భుజానేసుకుని చేలోకి పోయాను. ట్రాక్టరు బుద్ధిగా దున్నుతోంది.

"ఏంది మామయ్యా ఇది? పసిపిల్లోడి ఉయ్యాల ఊడబీక్కొస్తారా ఎవరైనా?"

"అరవమాకమ్మా! ఇంజను ఎట్టా మాట వింటందో చూడు. కాకపోతే చానా గట్టి స్ప్రింగు. పెడల్ మీద కాలు తీస్తే ఆగిపోద్ది."

"అయితే వీణ్ని కూడా మీరే నిద్రపుచ్చండి!"

ఉయ్యాల గుడ్డతో వాణ్ని ఆయన ఛాతీకి కట్టేశాను. దిగి పారిపోయే వీలు లేదు, పాపం, కాలు పెడల్ మీద ఉంది మరి. ఒక సాలు తిరిగొచ్చేసరికి వాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కాసేపాగి తీసుకుందామని గట్టు మీద కూలబడ్డాను. అంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి పొద్దు వాలింది. ట్రాక్టరు మోత ఇంకా వినిపిస్తోంది. మా చేను ఎప్పుడో అయిపోయింది. మామగారు పక్క చేను దున్నుతున్నారు! గట్టు తగాదా వచ్చి ఏళ్ల తరబడి మాటల్లేని ఆసామి చేను అది. ఆ ఆసామి తిట్టాలో, దణ్ణం పెట్టాలో తెలియక నిలబడి చూస్తున్నాడు.

పరిగెత్తాను. నన్ను చూశాక గానీ మామగారు పెడల్ మీంచి కాలు తియ్యలేదు. ఇంజను ఆగింది. దిగబోతే తిమ్మిరెక్కి ఆయన కుడికాలు నేలకి ఆనలేదు. టైరు పట్టుకుని నిలబడ్డారు.

"మతి పోయిందా మామయ్యా? వాళ్ల చేనెందుకు దున్నారు?"

"ఇంజను ఆపితే వీడు లేస్తాడు," అన్నారు మెల్లగా. "వీడు లేస్తే నువ్వు లేస్తావు గదమ్మా."