పెద్దజడ్జి గారి పటం

హైకోర్టులో అతన్ని అందరూ మైకు అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఉద్యోగం బిళ్ళబంట్రోతు. పెద్దజడ్జి, అంటే ప్రధాన న్యాయమూర్తి, గదిలోంచి బయలుదేరితే వెండిపొన్ను కర్ర పట్టుకుని ముందు నడవాలి. హాల్లో ఆ నడిమి కుర్చీ వెనక్కి లాగి, ఆయన కూర్చున్నాక ముందుకు తొయ్యాలి. ఆ తరువాత వరండాలోకి వచ్చి, వంతు వచ్చిన కక్షిదార్లను మూడేసిసార్లు కేకేసి పిలవాలి. మైకు ఒక్క కేక పెడితే మెట్ల దగ్గర కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి లేచేవాడు. పక్క కోర్టులో కేసున్నవాళ్లు కూడా తమనే అనుకుని చెప్పులు వెతుక్కున్న రోజులున్నాయి.

పొద్దున్నే ఇంకో పని. వరండా గోడకు వరసగా వేలాడే పాత పెద్దజడ్జీల పటాలు తుడవాలి. ఆ పని మైకు ఇష్టంగా, ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ చేసేవాడు. మొదటాయన తెల్లజుట్టు టోపీ పెట్టుకుని బుగ్గలు పొంగించి కూర్చున్నాడు. కోర్టుకు సొంత భవనం లేని రోజుల్లో ఆయన ధాన్యం గిడ్డంగిలో కేసులు విన్నాడట, కప్పు కారితే గొడుగు వేసుకుని తీర్పు చదివాడట. మూడో ఆయనకు ఫలానా తీర్పు ఆపమని పైనుంచి కబురొస్తే, ఆ సాయంత్రమే చదివేసి మర్నాడు సామాను సర్దుకున్నాడు. ఇంకొకాయన పదకొండు రోజులే కుర్చీలో కూర్చుని అందరికంటే పెద్ద పటం వేయించుకున్నాడు. అది చూసి ఒళ్లు మండిన జడ్జీలు, నిండా ఏడాది పెద్దజడ్జిగా చేసినవాళ్లకే ఇకమీదట గోడమీద చోటు అని తీర్మానం చేసుకున్నారు. దేవుడు మేలు చెయ్యాలి ఆ జడ్జీలకు. ఆ తీర్మానమే లేకపోతే మైకు రోజూ పొద్దున్నే ఇస్త్రీదొర మొహం కూడా తుడవాల్సి వచ్చేది.

ఇస్త్రీదొర అని బంట్రోతులు చాటుగా పెట్టుకున్న పేరు. నలగని బట్ట, నవ్వని మొహం. అప్పటి పెద్దజడ్జి హఠాత్తుగా బదిలీ అయి వెళ్లిపోతే, మిగిలినవాళ్లలో సీనియరని ఈయన్ను కొన్ని నెలలు తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. తరువాత ఖాయం చేశారు. ఖాయమయ్యాక ఏడాది నిండకుండానే వయసు నిండి రిటైరయ్యాడు. ఆ తాత్కాలికపు నెలల్లోనే మైకు అన్న కొంప కూల్చాడు.

అన్న కూడా అక్కడే బంట్రోతు. తమ్ముణ్ణి ఆ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. అబద్ధం చెప్పాల్సి వస్తే దగ్గు వచ్చి ఆగిపోయే రకం. ఒకరోజు ఒక పెద్ద కేసు తాలూకు కాగితాల కట్ట కనపడలేదు. నిండు హాల్లో ఇస్త్రీదొర అడిగాడు, అన్న ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అయ్యా, నిన్న సాయంత్రం తమరు కారులో పెట్టమన్నారు. పెట్టానండి."

"అంటే, నేను మరిచిపోయానంటావా?"

లేదండీ అనబోయిన అన్నకు దగ్గొచ్చింది. మర్నాటికి ఉద్యోగం ఊడింది. విచారణ లేదు, సంజాయిషీ లేదు. హైకోర్టులో చీపురు పట్టేవాడి దగ్గర్నుంచి రిజిస్ట్రారు దాకా ఉద్యోగం ఇచ్చేదీ తీసేదీ పెద్దజడ్జే. ఏ కేసు ఏ జడ్జి వినాలో పంచేదీ పెద్దజడ్జే. నెల తరువాత అన్న అప్పీలు పెట్టుకుంటే అది ఎవరి బల్ల మీదికి వెళ్లాలి? ఇస్త్రీదొర బల్ల మీదికే వెళ్లింది. కంచే చేను మేసిందని కంచెతోనే మొర పెట్టుకున్నట్టయింది. చదవకుండానే కొట్టేశాడు.

ఆ తరువాత అన్న నాలుగేళ్లు బతికాడు. దాన్ని బతుకంటే. కాగితాలు అమ్ముకున్న బంట్రోతు అని పేరు పడిపోయింది. కోర్టు వీధి దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేవాడు. వదిన కుట్టుమిషను మీద లాయర్ల నల్లగౌన్లు కుట్టి ఇల్లు నడిపింది. "నా కోసం నీ కూట్లో మన్ను పోసుకోకురా" అని అన్న మాట తీసుకున్నాడు కాబట్టి మైకు ఉద్యోగం మానలేదు. ఇస్త్రీదొర ఉన్నన్నాళ్లూ కడుపులో కత్తులు నూరుకుంటూ ఆయన ముందే కర్ర పట్టుకుని నడిచాడు. ముందు నడిచే బంట్రోతును పెద్దజడ్జి దాటిపోకూడదని ఆచారం. ఇస్త్రీదొరవి పొడుగు కాళ్లు, అంగకో గజం. మైకు కావాలనే అడుగులో అడుగేసుకుంటూ నడిచేవాడు. వెనక పళ్లు నూరుతున్న చప్పుడు వినపడిన రోజున అతనికి అన్నం రుచిగా ఉండేది.

అన్న పోయాక వదిన ఏడుపంతా అయిపోయి, కళ్లు తుడుచుకుని ఒకే ఒక్క మాట అంది. "అబ్బాయ్, నాకు న్యాయాలూ వద్దు, ధర్మాలూ వద్దు. ఆ మనిషి మొహం మాత్రం ఆ గోడ ఎక్కకూడదు. ఎక్కితే దాన్ని రోజూ తుడవాల్సింది నువ్వే."

"ఎక్కదు వదినా. ఏడాది నిండలేదుగా."

కానీ ఇస్త్రీదొర ఊరుకునే ఘటమా? తాత్కాలికపు నెలలు కూడా కలిపి లెక్కెయ్యాలని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. కలిపితే ఏడాది దాటుతుంది మరి. కోర్టు కుదరదంది. చివరికి, ఒకప్పుడు తాను ఏలిన కోర్టులోనే, తన పటం కోసం తానే కేసు వేశాడు. ఈ సంగతి తెలిసి బంట్రోతులు కడుపుబ్బ నవ్వుకున్నారు. మైకుకు మాత్రం నవ్వు రాలేదు, నిద్రా రాలేదు.

తెలిసినాయన కేసని జడ్జీలు ఒకరి తరువాత ఒకరు తప్పుకున్నారు. అప్పటికి కొత్త పెద్దజడ్జిగా ఒకావిడ వచ్చి ఉంది. వేరే కోర్టు నుంచి బదిలీ మీద వచ్చింది, ఇక్కడ ఎవరికీ చుట్టమూ కాదు, పక్కమూ కాదు. "నేనే వింటాను. అందరి కేసుల్లాగే వరసలో వెయ్యండి" అంది.

ఆ రోజు ఇస్త్రీదొర పెందలాడే వచ్చాడు. తన కేసు తానే వాదించుకుంటానన్నాడు, తనకంటే బాగా వాదించేవాడు ఎవడున్నాడని. వరండాలో పటాల ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని, గోడ మీద చివరి ఖాళీ వంక చూస్తున్నాడు. కొలతలు తీసుకుంటున్నాడేమో అనిపించింది మైకుకు.

కేసు వంతు వచ్చింది. మైకు గుమ్మంలోకి వచ్చాడు. పాత లాయరెవరైనా అక్కడ కూర్చుని ఉంటే దగ్గరికెళ్లి వంగి చెప్పేవాడు, ముసలమ్మైతే రెక్క పట్టుకుని లేపి తీసుకొచ్చేవాడు. అది అతని మంచితనమే గాని రూలేమీ కాదు. రూలు మూడు కేకలు. ఇస్త్రీదొర చొక్కా మడత సరిచేసుకుని, బంట్రోతు వచ్చి దయచేయండి అంటాడని ఎదురుచూస్తున్నాడు. ఆయన్ను పట్టుకుని పేరుపెట్టి ఎవరూ పిలవక ఎన్నో ఏళ్లయింది. అయ్యగారూ అనేవాళ్లే గాని పేరు పలికినవాడు లేడు.

మైకు గుండె నిండా గాలి పీల్చి ఆ పేరు పిలిచాడు. ఇంటిపేరు, ఒంటిపేరు, తండ్రి పేరు, వెనక గారు లేదు, ముందు శ్రీ లేదు. మేకల దొంగను పిలిచినట్టు పిలిచాడు. వరండా అంతా తిరిగి చూసింది. రెండో కేకకు ఇస్త్రీదొర చెవులు ఎర్రబడ్డాయి. మూడో కేకకు ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు, వచ్చి పిలిస్తే వస్తాను లేకపోతే లేదన్నట్టు. మైకు లోపలికి వెళ్లి, "మూడు కేకలూ వేశానండి, ఎవరూ రాలేదండి" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గైర్హాజరు కింద కేసు కొట్టేశారు.

భోజనాల వేళకు ఇస్త్రీదొరకు సంగతి తెలిసింది. మైకును మెట్ల పక్కకు పిలిచాడు. ఉతికి ఆరేస్తాడనుకున్నాడు మైకు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఏమయ్యా, నన్ను చూశావుగా?"

"చూశానండి."

"సరే, అయిందేదో అయింది. మధ్యాహ్నం మళ్లీ అర్జీ పెడుతున్నాను. నిన్ను అడుగుతారు. గొంతు బొంగురుపోయింది, పిలుపు వినపడి ఉండదు అని ఒక్క మాట చెప్పు. కేసు మళ్లీ నిలబడుతుంది."

ఇన్నాళ్లుగా ఈ మనిషి తనను ఏదైనా అడగాలని మైకు ఎన్నిసార్లు కోరుకున్నాడో. అడిగితే ఏమనాలో మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నోటికి వచ్చింది అనేశాడు.

"చెప్తానండి. మరి తమరు కూడా ఒక్క మాట చెప్పాలి. మా అన్న ఆ కాగితాలు పోగొట్టలేదని. లోపల, అందరి ముందరా."

"మీ అన్నా? ఎవరు?" ఇస్త్రీదొర కనుబొమలు ముడిపడి, విడిపోయాయి. "ఓ, ఆ పొడుగాటి మనిషా. అంతేనా? చెప్తాను."

ఆ అంతేనా అన్న మాట మైకుకు ముల్లులా దిగింది. అయినా మాట మాటే అనుకున్నాడు. పటం ఎక్కితే ఎక్కనీ, వదిన కాళ్లు పట్టుకుంటాను, అన్న మీద మచ్చ పోతుంది గదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. తన ఉద్యోగం మొత్తంలో మొదటిసారి కోర్టులో అబద్ధం చెప్పడానికి సిద్ధపడి, కావాలని ఒకటి రెండుసార్లు దగ్గి చూసుకున్నాడు.

మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. ఇస్త్రీదొర లేచి, బంట్రోతు గొంతు సరిగ్గా లేక తనకు పిలుపు వినపడలేదని చెప్పుకున్నాడు. ఆ తరువాత ఒప్పందం ప్రకారం రెండో మాట కూడా ఎత్తాడు.

"సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొక్క విషయం. ఈ బంట్రోతు అన్నను అప్పట్లో నేను ఉద్యోగంలోంచి తీసేశాను. అతను కాగితాలేమీ పోగొట్టలేదు. అవి నా కారులోనే ఉన్నాయి. వారం తరువాత సీటు కింద దొరికాయి."

పెద్దజడ్జి కలం ఆగింది. "వారం తరువాత దొరికాయా?"

"అవును."

"మరి అతన్ని మళ్లీ తీసుకోలేదేం?"

"ఒకసారి ఇచ్చిన ఉత్తర్వు వెనక్కి తీసుకుంటే పెద్దజడ్జి కుర్చీకి విలువేముంటుందండీ? పరిపాలన అన్నాక కొంచెం గట్టిగా ఉండాలి." చెప్పి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

కర్ర పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డ మైకు ఆ మాట విన్నాడు. వారం. నాలుగేళ్లు అన్న తల దించుకుని సందుల వెంట తిరిగితే, ఈ మనిషికి వారానికే తెలుసు. ఆయన నిజంగానే మరిచిపోయాడని మైకు ఇన్నాళ్లూ అనుకున్నాడు, మరిచిపోయాడన్నందుకే పగ పట్టాడనుకున్నాడు. కాదు, తెలిసే ఊరుకున్నాడు. దొరికిన కాగితాలు చేత్తో పట్టుకుని, అన్న అప్పీలు కొట్టేశాడు. మైకుకు ఒళ్లంతా భగ్గుమంది. ఆ క్షణంలో చేతిలో ఉన్నది కర్ర కావడం ఇస్త్రీదొర అదృష్టం.

"ఏమయ్యా," పెద్దజడ్జి మైకు వైపు తిరిగింది, "నీ గొంతు బాగాలేదా ఇవాళ? సరిగ్గా పిలవలేదా?"

ఇస్త్రీదొర మైకు వంక చూసి చిన్నగా తల ఊపాడు. కానివ్వు అన్నట్టు.

"పిలిచానండీ!" అన్నాడు మైకు. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. "మూడుసార్లూ పిలిచానండి. అయ్యగారు నాకెదురుగా బల్ల మీదే ఉన్నారండి. విన్నారండి. విని మొహం గోడవైపు తిప్పుకున్నారండి. వరండాలో ఉన్న ఎవర్నైనా అడగండి."

వెనక వరసల్లోంచి నవ్వులు వినపడ్డాయి. ఎవరో "మా ఊరిదాకా వినపడింది తల్లీ" అన్నారు. పెద్దజడ్జి నవ్వలేదు. కోర్టు పిలుపు ఎవరికైనా ఒకటేనని, విని రానివాడికి రెండో అవకాశం లేదని అర్జీ కొట్టేసింది. మైకు అన్నను తీసేసిన ఆ పాత ఉత్తర్వును తన అధికారంతో రద్దు చేస్తున్నాననీ, ఇప్పుడు విన్నదంతా రికార్డులో ఉండాలనీ గుమాస్తాకు చెప్పింది.

హాలు బయట ఇస్త్రీదొర మైకును ఆపాడు. మొదటిసారి ఆయన చొక్కా నలిగి ఉంది.

"నువ్వు నాకు మాటిచ్చావు."

"ఇచ్చానండి. ఎవరు విన్నారు?" అన్నాడు మైకు. ఆయన మెట్లు దిగుతుంటే ఎవరూ ముందు నడవలేదు, ఎవరూ పక్కకు తప్పుకోలేదు. ఆయన గేటు దాటి కనుమరుగయ్యేదాకా మైకు అక్కడే నిలబడి కళ్లారా చూశాడు.

సాయంత్రం తిన్నగా వదిన దగ్గరికి వెళ్లాడు. ఆమె మిషను ముందు కూర్చుని ఒక గౌనుకు చేతులు అతుకుతోంది. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు. అన్న మీద మచ్చ పోయిందంటే ఆమె మిషను ఆపకుండానే తల ఊపింది. కారులో దొరికిన సంగతి చెబితే మిషను ఆగింది. తాను ఇచ్చిన మాట, తప్పిన మాట చెప్పేటప్పటికి మైకు గొంతు కాస్త తగ్గింది.

"మాటిచ్చి తప్పావా, అబ్బాయ్?"

"తప్పాను వదినా."

"మీ అన్నయితే తప్పేవాడు కాదు."

"కాదు. అందుకే పోయాడు."

వదిన మళ్లీ మిషను తొక్కి, ఆ గౌను చెయ్యి అతకడం పూర్తిచేసింది. తరువాత దారం పంటితో పుటుక్కున కొరికి, "అయితే మంచి పని చేశావు" అంది.