హాస్కెల్ మేష్టారి తొమ్మిది గంటలు

హాస్కెల్ మేష్టారు ఫోనులో రష్యావాళ్లతో మాట్లాడతారన్నది శుద్ధ అబద్ధం. ఎల్మ్ వీధిలో నాలుగిళ్లకీ ఒకటే లైను. రోజూ రిసీవరెత్తి వినే పక్కింటి హాటీకి తెలియదా? ఆయన మాట్లాడేది అక్కగారితో, అదీ పంటినొప్పి గురించి. కమ్యూనిస్టన్న అనుమానంతో ఒహాయో కాలేజీ పక్కన పెట్టినా, ఆ తత్వశాస్త్రం మేష్టారు పొద్దున్నే టై కట్టుకుంటారు. తొమ్మిదింటి కాలేజీ గంట వినబడగానే వరండాలో లేచి నిలబడతారు. కాసేపటికి, సుద్ద అంటని వేళ్లు దులుపుకుని కూర్చుంటారు.

ఒకరోజు హాటీ ఉండబట్టలేక, ఆపిల్ పై వంటకం పట్టుకెళ్లి అడిగేసింది.

"ఏమయ్యా, నీతో ఆ కమ్యూనిస్టు మీటింగులకొచ్చిన నీ క్లాసు పిల్లల పేర్లు విచారణ కమిటీకి చెప్పేస్తే రేపే పాఠం చెప్పుకోనిస్తారటగా! నోట్లో ముత్యాలు దాచావా?"

"చెప్పుకోనిస్తారు హాటీ గారూ. కానీ క్లాసులోకి వెళ్లగానే ముందు హాజరు పిలవాలి కదా. ఆ పేర్లు వచ్చినప్పుడు ఏం చెయ్యను?"