తాబేలుకు బొట్టు

తొంభైల్లో ఓసారి బందరు నుంచి బెజవాడ వచ్చే బస్సులో పేపరు చదువుతూ, "జపాన్ వాళ్ళకి తిమింగలాల్ని చంపడం ఆచారమట! ఏం మనుషులో!" అని పైకే విసుక్కున్నాను. పక్క సీట్లో, ఒళ్ళో ఎండుచేపల సంచితో కూర్చున్న ముసలాయన నావైపు కోపంగా తిరిగాడు.

"వాళ్ళ సంగతి నాకు తెలవదండీ. వల్లో తాబేలు పడితే మేం వల కోసి, పసుపూ కుంకుమా పెట్టి, దణ్ణం పెట్టుకుని సముద్రంలో వదుల్తాం. అయినా తాబేళ్ళని చంపుతున్నామని ఫారెస్టు ఆఫీసరు మా వలలు పట్టుకుపోయాడు. ఆయనా మీలాగే అన్నాడు, ఏం మనుషులో అని."

"మిమ్మల్ని కాదండీ నేనన్నది."

"మరి ఎక్కిన కాడ్నుంచీ ముక్కు మీద ఆ రుమాలేంటండీ?"

రుమాలు జేబులో పెట్టుకున్నాను. ఆయన సంచి తీసుకుని లేచి, బెజవాడ దాకా నిలబడే వచ్చాడు.