పుల్లమ్మ కొన్న జాగ

మహబూబ్‌నగర్ శివారు పత్తి మిల్లులో పుల్లమ్మ పెళ్లయిన ఏడాది నుంచి జుట్టు నెరిసేదాకా పనిచేసింది. మిల్లు మూతపడ్డప్పుడు నాలుగు లక్షల పైచిలుకు పీఎఫ్ సొమ్ము ఒక్కసారిగా ఆమె ఖాతాలో పడింది. అంత డబ్బు ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

కూతురు స్వర్ణ ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగి. "సగం పోస్టాఫీసుల ఎయ్యి అమ్మా. కొంత బ్యాంకుల ఉండనీ, అక్కరకొస్తది. మిగిలినదాంతోటి ఏమన్న చేస్కో" అంది.

పుల్లమ్మ చెల్లెలి భర్త భిక్షపతి ప్లాట్లు అమ్మే ఏజెంటు. అతను ఇంకోలా చెప్పాడు.

"బ్యాంకుల పెడితే ఏం పెరుగుతది వదినా? యాదగిరిగుట్ట కాడ గుడి పెద్దగ కడుతుండ్రు. గా రోడ్డు పొంటి జాగ రెండేండ్లల్ల రెట్టింపయితది."

పుల్లమ్మను కదిలించింది రెట్టింపు అన్న మాట కాదు, జాగ అన్న మాట. ఆమె తండ్రి బతుకంతా పరాయి చేలల్లో కూలి చేశాడు. ఆయన్ను పాతిపెట్టే జాగ కోసం కూడా ఊళ్లో ఒకరిని బతిమాలుకోవలసి వచ్చింది. భిక్షపతి వెంట బస్సులో అంతదూరం పోయి, తుమ్మపొదల మధ్య పాతిన నాలుగు హద్దురాళ్లు చూసింది. చెప్పులు విప్పి వాటి నడుమ నిలబడింది. ఉన్నదంతా అక్కడే పెట్టింది.

మరుసటి ఎండాకాలం, తాపీ పనికి పోయిన భర్త పెద్దులు పనికాడే కూలబడ్డాడు. పక్షవాతం. సర్కారు దవాఖానలో పైసా తీసుకోకుండా ప్రాణం నిలబెట్టారు. కుడి కాలు, చెయ్యి మాత్రం పడిపోయాయి. అసలు ఖర్చు ఇంటికొచ్చాకే మొదలైంది. మందులు, కాలూ చెయ్యీ ఆడించడానికి రోజూ వచ్చే మనిషి, ఆటో కిరాయి. ఆయన కూలి ఆగిపోయింది. స్వర్ణ జీతం ఇంటద్దెకూ బియ్యానికీ సరిపోయేది.

పుల్లమ్మ భిక్షపతికి ఫోన్ చేసింది. "గా జాగ అమ్మిపెట్టు. మీ అన్నకు మందులు తేవాలె."

"జర ఓపిక పట్టు వదినా. వెంచర్‌కు పర్మిషన్ లేదని కొనెటోళ్లు ఎనుకకు పోతుండ్రు."

"గా ముచ్చట నాకు అప్పుడెందుకు చెప్పలే?"

"నేను గూడ గాడనే రెండు ప్లాట్లు కొన్న వదినా" అన్నాడు. అది నిజమే.

నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చింది. మిత్తి పెరిగేకొద్దీ వ్యాయామం చేయించే మనిషిని వారానికోసారి రమ్మంది. తర్వాత అదీ మాన్పించింది. పెద్దులు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోతుంటే రోజూ తనే కొబ్బరినూనె రాసి విప్పదీసేది. "నా మీద పెట్టకు... జాగ ఉండనీ" అనేవాడాయన, మాట తిరగని నోటితో. ఆయన రెండో చలికాలం దాటలేదు.

ఆయన పోయాక జాగ అమ్ముడుపోయింది, కొన్న ధరలో సగానికి. అప్పు తీర్చగా మిగిలిన కొంచెం పోస్టాఫీసులో వేసి, పుల్లమ్మ ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది.

మిల్లులో తనతో పనిచేసిన నాగరాణికి కోర్టు చుట్టూ తిరిగి తిరిగి, ఆలస్యంగా పీఎఫ్ సొమ్ము వచ్చింది. పుల్లమ్మ ఆమెను కూర్చోబెట్టి చెప్పింది.

"జాగ కొనొద్దని నేను అనను. ఆర్నెల్లు పని లేకున్నా ఇల్లు ఎల్లేటంత పక్కకు పెట్టు. కాయితాలు తెలిసినోళ్లకు సూపెట్టు. అన్నీ ఒక్కకాడ పెట్టకు చెల్లే."

నాగరాణి తల వంచుకుంది. "నిన్ననే ఒక ప్లాటుకు బయానా ఇచ్చిన అక్కా. వచ్చిన పైసలల్ల సగం ముందుగాల్నే కట్టిన."

మరునాడు ఇద్దరూ కలిసి ఆ ప్లాట్ల ఆఫీసుకు పోయారు. బయానా తిరిగి రాదని అక్కడి మనిషి లేవకుండానే చెప్పాడు. బస్టాండుకు నడుస్తూ, "పోనీ అక్కా, ధర పెరుగుతదేమో" అంది నాగరాణి. పుల్లమ్మ ఆ మాట కాదనకుండా, ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.