పెద్దప్ప మీసాలు, పది ఎరువుగుంతలు

ఆ రోజుల్లో ఇరవై ఏళ్లవాడికి ఒక సర్కారు ఉద్యోగం, ఒక సైకిలు దొరికితే దేశాన్ని బాగుచేసే భారమంతా తన నెత్తిమీదే ఉందనిపించేది. నాకు మరీ ఎక్కువగా అనిపించింది. కొత్తగా గ్రామసేవకుడినై ఆలూరు పక్క ఒక పల్లెలో దిగాను. పేడా చెత్తా దిబ్బగా పోస్తే ఎండకు సారం పోతుంది, గుంతలో వేసి మట్టి కప్పితే చేను కలకాలం బలంగా ఉంటుంది. ఇదీ నేను చెప్పవలసిన పాఠం. నెలలోపల పది గుంతలైనా తవ్వించకపోతే ఇంటికి పంపిస్తానని పైఅధికారి సెలవిచ్చాడు.

ఊరు వినలేదు. అక్కడ ఇంటిముందు దిబ్బ ఎంత ఎత్తుంటే ఆ ఇల్లు అంత గొప్పది. "పిల్లనిచ్చేటోళ్లు మొదట సూసేది దిబ్బనే గదప్పా. దాన్ని గుంతలో దాసిపెడితే మా గొప్ప యాడ కనపడ్తాది?" అన్నాడు ఊరిపెద్ద. అందరూ ఆయన్ను పెద్దప్ప అనేవారు. ఆయన సరేననందే ఎవరూ పార పట్టరు.

మాటలతో పని కాదని, బొమ్మతోనూ బువ్వతోనూ లొంగదీయాలని పథకం వేశాను. చావడి గోడకు సున్నం కొట్టి, గోడలకు పూసే ఎర్రమట్టి జాజుతో ఇద్దరు రైతుల్ని గీశాను. గుంత తవ్వినవాడు బలిసి ఉన్నాడు, దిబ్బ పోసినవాడు ఎముకల గూడు. (బడిలో నా బొమ్మలకు రెండుసార్లు సున్నా వచ్చిన సంగతి అప్పటికి మరిచిపోయాను.) మర్నాడు మధ్యాహ్నం ఆ గోడముందే సహపంక్తి భోజనం. ఇంటికొక వంటకం: కొర్రబువ్వ, జొన్నరొట్టెలు, శెనక్కాయల ఊరిబిండి, గోంగూర పప్పు. తింటూ బొమ్మ చూస్తే మనసు కరుగుతుందని నా ఆశ.

విస్తళ్లు వేశాక పెద్దప్ప వచ్చి గోడ చూశాడు. ఊరు కూడా చూసి కిసుక్కుమంది. ఎముకల గూడుకు అచ్చం ఆయన మీసాలే! నేను కావాలని పెట్టలేదు. గీసినంతసేపూ, తల తిప్పినప్పుడల్లా, దూరంగా తన ఇంటి అరుగుమీద కనిపించింది ఆయనే కదా. కన్ను చూసింది చెయ్యి గీసేసింది.

"ఏమప్పా, నా మీసాలు నీకేం పాపం జేసినాయి?" అని మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ఆయన మొదటి ముద్ద ఎత్తందే ఆ ఊళ్లో ఎవరూ విస్తరి ముట్టరు. బువ్వ చల్లారుతోంది. ఉద్యోగం పోయినట్టే. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

అప్పుడు ఆయన భార్య, ఊరందరికీ అవ్వ, రొట్టెల గంప దించి లేచింది. "ఊరికే ఏడుస్తాండావు యాలప్పా? ఏటా గోడలకు జాజు పూసే సెయ్యి ఇది. ఆ గుడ్డ ఇట్లియ్యి" అంది. తడిగుడ్డతో ఎముకలవాడి మీసాలు తుడిచేసి, వేలు జాజులో ముంచి బలిసినవాడికి ఇంతేసి మీసాలు తిప్పింది. మొగుడివైపు తిరిగి, "సూడు, ఇప్పుడు శానా బాగుండావు. ఇంగ గుంత తవ్వకపోతే గోడ కూడా నవ్వుతాది" అంది.

పెద్దప్ప చాలాసేపు చూసి, మీసం దువ్వి, ముద్ద ఎత్తాడు. మర్నాడే గుంతకు ముగ్గు పోశాడు. ఇక చూడండి, దిబ్బ పోయినా గోడమీద బొమ్మ పడుతుందంటే ఊరికి ఊరే పార పట్టింది. "నా బొమ్మ యాడ?" అని నన్ను నిలదీసేవాళ్లు. పది గుంతలూ దాటాయి. మొహాలు నేను గీశాను. మీసాలన్నీ అవ్వే దిద్దింది.

ఎముకలవాడు మాత్రం బోడిమూతితో మిగిలిపోయాడు. అవ్వ జాజుతో వాడికి నా కళ్లజోడు దిద్ది, పక్కన నా సైకిలు కూడా గీసింది. ఊరు నవ్వితే నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా. ఇప్పుడు అద్దంలో నాకు బలిసినవాడే కనిపిస్తాడు, ఒక్క గుంతా తవ్వకుండానే. ఆ గోడ ఉందో లేదో తెలియదు. ఉంటే ఒక్కసారి పోయి, ఆ కళ్లజోడు ఎముకలవాడి పక్కన కూర్చుని కొర్రబువ్వ తినాలని ఉంది.