నెమలి దాటేదాకా ఆగిన షట్టర్

శంషాబాద్‌లో విమానాశ్రయం పక్కన ఉన్న ఒక మందుల గోదాములో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో అప్పుడే చేరాను. అక్కడి పెద్ద షట్టర్‌కు అటూ ఇటూ సెన్సర్లు ఉండేవి. కార్డు చూపకుండా ఏది కదిలినా అవి కంప్యూటర్‌కు మెసేజ్ పంపేవి. నల్లటి తెర మీద నడిచే మా ప్రోగ్రాం దాన్ని అందుకుని, వెంటనే షట్టర్ దించేసేది. మందులు దాచిన చల్లగదిలో వేడి పెరగకుండా కనిపెట్టేదీ ఆ ప్రోగ్రామే.

ఒక మధ్యాహ్నం, కార్డు చూపి సరుకు మోసుకొస్తున్న హమాలీల వెనకాలే ఒక ఆడ నెమలి లోపలికి వచ్చేసింది. ఆ చుట్టుపక్కల పొదల్లో నెమళ్ళు మాకు కొత్త కాదు. కానీ ఇది అట్టపెట్టెల మధ్య దారి తప్పింది. బయటికి పోదామని గుమ్మం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ షట్టర్ ధడాలున దిగేది. కాపలా కాసే పెద్దాయన బటన్ నొక్కి లేపేవాడు. అది మళ్ళీ వచ్చేది, షట్టర్ మళ్ళీ దిగేది. ఒకసారి దాని తోకను రాసుకుంటూ దిగింది. నెమలి బెదిరిపోయి ఎగిరి, గోడకు కొట్టుకుని కింద పడింది.

"మెడ మీద పడితే సస్తది బిడ్డా! నీ కంప్యూటర్ బంద్ చెయ్యి జర," అని అరిచాడు పెద్దాయన.

బంద్ చేద్దామని కీబోర్డు మీద చెయ్యి వేశాను. నాకు పని నేర్పుతున్న సీనియర్ అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. అది మొత్తం బంద్ చేస్తే చల్లగదిని చూసేటోళ్ళు ఉండరు. మందులు ఖరాబైనా మనకు తెల్వదు."

"మరి ఏం చేద్దాం అక్కా?"

"షట్టర్ మెసేజ్‌లకు జవాబిచ్చుడు ఒక్కటే ఆపుదాం. అవి వస్తనే ఉంటయ్, లైన్ల నిలబడ్తయ్. మనం చెప్పేదాకా ప్రోగ్రాం వాటి జోలికి పోదు."

ఒక చిన్న కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కింది. పెద్దాయన షట్టర్ పైకెత్తి, తన టిఫిన్ డబ్బాలోని అన్నం గుమ్మం దాకా చల్లాడు. అందరం గోడకు అంటుకుని నిలబడ్డాం.

నెమలి లేచింది. ఒక్కో మెతుకూ ఏరుకుంటూ నున్నటి గచ్చు మీద నడిచింది. సరిగ్గా షట్టర్ కిందికి వచ్చి ఆగిపోయింది. తల పక్కకు వంచి పైకి చూసింది. షట్టర్ కదలలేదు. నెమలి ఎండలోకి అడుగుపెట్టి, రెక్కలు విప్పి, ప్రహరీ దాటి ఎగిరిపోయింది.

"పోయింది తల్లి," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి.

నేను తెర వైపు తిరిగాను. చల్లగది వేడి లెక్కలు ఎప్పటిలాగే వస్తున్నాయి. అక్క ఆగి ఉన్న మెసేజ్‌లను తెరిచింది. లోపల కదలిక. గుమ్మంలో కదలిక. మళ్ళీ గుమ్మంలోనే. ఆ తర్వాత బయట కదలిక. ఆ పక్షి వేసిన అడుగులన్నీ వరుస తప్పకుండా అక్కడ ఉన్నాయి. యంత్రం అంతా గమనించింది, దేనికీ చెయ్యి ఎత్తలేదు. ప్రోగ్రాం అంటే నడవడమో ఆగిపోవడమో తప్ప మూడో స్థితి ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇప్పుడు వీటిని వదిలితే?"

"షట్టర్‌ను ఇన్నిసార్లు దిగుమన్నట్టే అయితది. మొదలు వీటిని తుడుద్దాం."

తుడిచి, ప్రోగ్రాంకు మళ్ళీ పని అప్పగించింది. అంతా సరిగా ఉందో లేదో చూద్దామని, మెడలోని కార్డు తీసి నా చేతికిచ్చి తానే గుమ్మం వైపు నడిచింది. దగ్గరికి చేరిందో లేదో, షట్టర్ ఆమె ముక్కు ముందే దిగింది.

"ఇగ మంచిగున్నది," అంటూ నవ్వింది అక్క.